వాడకుండా తిరిగొచ్చిన పార

గాంధీ బజార్ వెనక సందులో
దోసెల హోటలు పైన మా కొట్టు.
ఎక్కేవాళ్ళకి నెయ్యి వాసన,
దిగేవాళ్ళకి అద్దె రశీదు.

నేను మంచు చూడలేదు,
ఫ్రిజ్జు గీకినప్పుడు రాలేది తప్ప.
హిందూపురం నుంచి వచ్చి పదకొండేళ్ళు.
ఇన్నేళ్ళూ మంచుకి సామాన్లు అద్దెకిస్తున్నాను:
పారలు, మడత కడ్డీలు,
ఛాతీకి కట్టుకునే బీకన్లు.

తిరిగొచ్చిన సామాను చెప్పినంత మేరకే
నాకు మంచు తెలుసు.
పార అంచు సొట్టపడితే, గుడారానికి నేల చదును చేశారు.
కడ్డీ మూడో కణుపు వంగితే, లోపల రాయి తగిలింది.
రాయే అనుకుంటాను.
అడగను.

బీకన్లు ఇచ్చేముందు నేనే చూస్తాను.
ఒకదాన్ని బియ్యం డబ్బాలో పూడ్చి
రెండోదాన్ని వెతుకుడులో పెట్టి కొట్టంతా తిరుగుతాను.
అంకె తగ్గితే దగ్గర, పెరిగితే దూరం.
పదిహేను నిమిషాలు, అని అందరికీ చెప్తాను.
ఆదివారం పొద్దున కింద టోకెను తీసుకుంటే
మసాలా దోసె చేతికొచ్చేంత సేపు.
ఆలోపే తవ్వి తియ్యాలి.
ఆ తర్వాత తవ్వేది మన తృప్తికి.

నవ్వుతారు. సంతకం పెడతారు.

కిందటి జనవరిలో, సందంతా అనపకాయల వాసన వేస్తున్న వారం,
దేచమ్మ వాళ్ళు ఐదుగురూ
నాలుగు రోజులు ముందే వచ్చేశారు.
"శిఖరం ఎక్కలేదు," అన్నాడు ప్రహ్లాద్ బ్యాగు విసిరి,
"ఈవిడ తిప్పేసింది. నాలుగు రోజుల అద్దె వెనక్కివ్వు."

దేచమ్మ జవాబియ్యలేదు.
కింద హోటలుకెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చింది,
దోసిట్లో పంచదార, పొట్లంలో బియ్యప్పిండి.
తను కన్నడంలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను:

"సీజను మొదట్లో పడ్డ మంచు, అన్నా,
ఆకాశం తేటగా ఉన్న చలిరాత్రుల్లో
ఇట్లా పంచదారవుతుంది. రేణువు రేణువుని పట్టుకోదు.
దాని మీద కొత్త మంచు. దాన్ని గాలి తోలి, అదిమి,
దిబ్బరొట్టెలా ఒకటే పలక చేస్తుంది."
పిండిని అరచేత్తో అదిమింది. తెల్లగా, నున్నగా,
కాలు పెట్టబుద్ధయ్యేలా ఉంది.

పళ్ళెం ఒకపక్క ఎత్తింది.
ఏమీ లేదు.
ఇంకాస్త. ఏమీ లేదు.
ఇంకాస్త ఎత్తగానే
పైన ఎవరో గోటితో గీసినట్టు ఒక్క చీలిక,
మొత్తం జారి నా రశీదు పుస్తకం మీద పడింది.

"ఎండ బాగుంది," అన్నాడు ప్రహ్లాద్, కొంచెం మెల్లిగా.
"ముందురోజు వెళ్ళినవాళ్ళ అడుగులున్నాయి."
"వెళ్ళినవి ఉన్నాయి," అంది.

"నేను వాలు అంచున కాలు మోపగానే
కొండ హుఁ అంది, అన్నా.
పక్కింట్లో బియ్యం బస్తా దించినట్టు.
అంతే. ఇంకేం కదల్లేదు."

"తర్వాతైనా కూలిందా?"

"తెలీదు. మేం వెనక్కి చూస్తూ నడిచాం చాలాసేపు.
అట్లాగే ఉంది. మెరుస్తూ.
ఇప్పటికీ అట్లాగే ఉందేమో."

ఆ మాట అన్నప్పుడు తన మొహంలో
గెలిచినవాళ్ళ వెలుగు లేదు.
నలుగురి డబ్బు, నలుగురి సెలవులు,
ఒక్క హుఁ కోసం.
కూలి ఉంటే కథ మిగిలేది.
ఏమీ జరగలేదన్నది ఎవరికి చెప్పుకుంటుంది?

నియమం ప్రకారం అద్దె వెనక్కివ్వకూడదు.
ఇచ్చాను.
మా ఓనరు ఓబులేసు నా జీతంలో కోశాడు,
కొండలకి భయపడేవాళ్ళు కొండలకెందుకు, అంటూ.
ఆయనా మంచు చూడలేదు.

రాత్రి సామాన్లు లెక్క చూశాను.
ఐదు పారలు. అంచున రంగు కూడా పోలేదు.
గుడారం చదునుకి మంచుని బూట్లతోనే తొక్కారేమో.
తుడవాల్సిందేమీ లేకపోయినా తుడిచాను.

మర్నాడు తాళం తీస్తే
రశీదు పుస్తకానికి చీమలు పట్టాయి.
పిండి దిబ్బ మీదుగా, పంచదార వాలు మీదుగా,
ఒకదాని వెనక ఒకటి, మూతులు తాకేంత దగ్గరగా.

"ఎడంగా నడవండ్రా," అన్నాను.